వరంగల్ నుంచి పెద్ద టూనా వేటకు: ముడి దగ్గర మొదలై ఐసు పెట్టె దాకా

మానేరు డ్యాంలో పది కిలోల బొచ్చెను, గోదావరిలో వాలుగను గాలానికి లాగినవాళ్లు ఈమధ్య తరచూ అడుగుతున్న ప్రశ్న ఒకటే: సముద్రంలో నలభై, యాభై కిలోల టూనాను పట్టాలంటే ఎట్లా తయారు కావాలి? సముద్రం మనకు వందల కిలోమీటర్ల దూరంలో ఉంది. కానీ ఈ వేటలో గెలుపోటములు చాలావరకు ఇంటి దగ్గరే తేలిపోతాయి. దారం ఎట్లా చుట్టారు, ముడి ఎట్లా వేశారు, డ్రాగ్ (చేప లాగితే దారం ఎంత బలానికి జారాలో తేల్చే రీల్ బ్రేకు) ఎంతకు పెట్టారు అన్నవి పడవ ఎక్కాక నేర్చుకునే పనులు కావు.

ఇక్కడ చెప్పేది పసుపు రెక్కల టూనా గురించి. మన కోస్తా మత్స్యకారులు సూర అని పిలిచే జాతుల్లో ఇది పెద్దది. రాడ్, స్పిన్నింగ్ రీల్, లూర్లతో (చిన్న చేపలా కదిలే నకిలీ ఎరలు) పట్టే పద్ధతినే తీసుకున్నాం. ఆరు వారాల ముందు మొదలుపెడితే అన్నీ కుదురుతాయి.

1. ఎప్పుడు, ఎక్కడికి

మనకు అందుబాటులో ఉన్న మంచి చోటు అండమాన్. ఒడ్డు నుంచి కొద్ది దూరంలోనే లోతు మొదలవుతుంది కాబట్టి పెద్ద చేప కోసం రోజుల తరబడి ప్రయాణం చేయనక్కర లేదు. హైదరాబాద్ నుంచి శ్రీ విజయపురానికి నేరుగా విమానం ఉంది. 2024 దాకా పోర్ట్ బ్లెయిర్ అన్న ఊరే ఇది. దూరపు ట్రిప్పులు బారెన్ దీవి వైపు, ఇన్విజిబుల్ బ్యాంక్ (నీటి అడుగున ఉన్న మెట్ట) వైపు వెళ్తాయి. బారెన్ దీవి సుమారు 135 కిలోమీటర్లు, అందుకని ఒక్క రోజులో వెళ్లి రావాలని చూడకండి. పడవలోనే రాత్రి పడుకునే ట్రిప్ తీసుకోండి.

నెలల్లో జనవరి నుంచి ఏప్రిల్ మొదటి వారం దాకా మేలు. అక్టోబరు, నవంబరులో బంగాళాఖాతంలో తుఫాన్ల భయం ఉంటుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరంలో, అండమాన్‌లో వేట నిషేధం అమల్లో ఉంటుంది. ఆ తర్వాత వర్షాకాలపు అలలు.

తేదీలు ఖాయం చేశాక ఇంకాయిస్ (సముద్ర సమాచారం ఇచ్చే జాతీయ కేంద్రం) సముద్ర పరిస్థితి సూచనలు రోజూ చూడటం అలవాటు చేసుకోండి. ఆ సంస్థ ఉన్నది మన హైదరాబాద్ ప్రగతినగర్‌లోనే. అలల ఎత్తు, గాలి వేగం, చేపలు దొరికే అవకాశమున్న ప్రాంతాలు అన్నీ ఉచితంగా ఇస్తుంది. అల ఎత్తు రెండు మీటర్లు దాటేట్టుంటే ట్రిప్ వాయిదా వేయడమే సరైనది. ఊగే పడవ మీద నిలబడి 130 గ్రాముల లూరు విసరడం పక్కవాడికి కూడా ప్రమాదం.

2. పడవ ఖాయం చేసేముందు

అడ్వాన్సు పంపకముందే ఫోన్లో ఇవి అడగండి:

☐ పడవ రిజిస్ట్రేషన్, వేట లైసెన్సు కాగితాల ఫొటోలు పంపుతారా?
☐ ఇంజన్లు ఎన్ని? ఒకటి ఆగితే రెండోదానితో ఒడ్డుకు రాగలరా?
☐ వీహెచ్‌ఎఫ్ రేడియో పనిచేస్తోందా? లైఫ్ జాకెట్లు మనిషికొకటి ఉన్నాయా?
☐ ఐసు ఎంత తెస్తారు? పెట్టె పొడవెంత?
☐ ఒకేసారి ఎంతమంది లూర్లు విసురుతారు? (ముగ్గురికి మించితే దారాలు చుట్టుకుంటాయి.)
☐ చేపను పడవలోకి లాగే కొక్కెం (గాఫ్), తోకకు వేసే తాడు ఉన్నాయా?
☐ మనకు రాడ్లు ఇస్తారా? ఇస్తే దారం ఎప్పుడు మార్చారు?

చివరి ప్రశ్నకు "మొన్ననే" అన్న జవాబు వచ్చినా నమ్మి ఊరుకోకండి. వెళ్లాక మొదటి పది మీటర్లు కోసేసి ముడి మీరే వేసుకోండి.

ఉత్తర సెంటినెల్ దీవి చుట్టూ ఐదు నాటికల్ మైళ్ల లోపలికి ఎవరూ వెళ్లకూడదు. వండూర్ దగ్గరి మెరైన్ నేషనల్ పార్కులో వేట నిషేధం. "అక్కడ చేప బాగుంటుంది, కొంచెం లోపలికి పోదాం" అనే పడవవాళ్లతో వెళ్లకండి. కేసు మీ మీద కూడా పడుతుంది.

సముద్రంలో కొద్ది దూరం పోగానే సెల్‌ఫోన్ సిగ్నల్ పోతుంది. అట్లాగని శాటిలైట్ ఫోన్ తీసుకెళ్లకండి, మన దేశంలో అనుమతి లేకుండా దాన్ని దగ్గర ఉంచుకోవడం నేరం. కోస్ట్ గార్డ్ అత్యవసర నంబరు 1554. ఇంట్లోవాళ్లకు ఆ నంబరు, పడవ పేరు, తిరిగి వచ్చే గంట రాసి ఇచ్చి పోండి.

3. సామాను: దేనికి ఖర్చు పెట్టాలి, దేనికి అక్కర లేదు

డబ్బు తక్కువుంటే ముందు రీల్ మీద, తర్వాత దారం మీద పెట్టండి. రాడ్ మూడోది. లూర్ల డబ్బా నింపడం అన్నిటికన్నా చివరి పని. మనవాళ్లు ఎక్కువగా దీన్ని తలకిందులుగా చేస్తారు: రంగురంగుల పాపర్లు (లాగితే నీళ్లు చిమ్మే లూర్లు) ఇరవై కొని, చెరువు రీల్ బిగించుకుని వెళ్తారు. మొదటి పరుగుకే దాని డ్రాగ్ వాషర్లు కాలిపోతాయి.

రీల్: షిమానో, డైవాలో అయితే 14000 నుంచి 20000 సైజు. పెన్ స్లామర్‌లో 8500 లేదా 10500. కనీసం 15 కిలోల డ్రాగ్ నిలకడగా ఇవ్వాలి. "గరిష్ఠ డ్రాగ్ 25 కిలోలు" అని పెట్టె మీద రాసి ఉన్నా, పది కిలోల దగ్గర జర్కులు లేకుండా మెత్తగా జారుతోందా అన్నదే చూడండి.

రాడ్: ఏడున్నర నుంచి ఎనిమిది అడుగులు, పీఈ (అల్లిక దారం మందాన్ని చెప్పే అంకె) 6 లేదా 8 రేటింగు, 60 నుంచి 150 గ్రాముల లూర్లు విసిరేది. రెండు ముక్కలుగా విడేది తీసుకుంటే విమానంలో బాధ తగ్గుతుంది.

దారం: ఎనిమిది పోగుల అల్లిక దారం, 80 నుంచి 100 పౌండ్లు, 300 మీటర్లకు తగ్గకుండా. చెరువులో వాడే తంగూసు ఇక్కడ పనికిరాదు. సాగుతుంది, మందం ఎక్కువ కావడంతో స్పూల్లో సరిపడా పట్టదు.

లీడర్ (దారం చివర, లూరుకు ముందు కట్టే మందపాటి ముక్క): ఇక్కడ మాత్రం తంగూసే కావాలి. 130 నుంచి 170 పౌండ్ల నైలాన్, రెండు రెండున్నర మీటర్లు.

లూర్లు: ఆరు చాలు. 160 నుంచి 200 మిల్లీమీటర్ల స్టిక్‌బెయిట్లు, అంటే పొడవాటి చేప ఆకారపు లూర్లు, నాలుగు (రెండు తేలేవి, రెండు మెల్లగా మునిగేవి), పాపర్లు రెండు. చేప పైకి రాని రోజు కోసం 200 నుంచి 300 గ్రాముల జిగ్గులు (లోతుకు దించే బరువైన లోహపు లూర్లు) ఐదారు. లూర్లతో వచ్చిన గాలాలు, రింగులు తీసేయండి. 7/0 నుంచి 9/0 సింగిల్ గాలాలు, 200 పౌండ్లకు మించిన స్ప్లిట్ రింగులు వేయండి. గాలం ముల్లును ప్లయర్‌తో నొక్కేయండి. దారం బిగువుగా ఉన్నంతసేపు ముల్లు లేకున్నా చేప పోదు, మనిషి చేతిలో దిగితే మాత్రం సులువుగా బయటికొస్తుంది.

4. దారం చుట్టడం, ముడి వేయడం

కొత్త స్పూల్‌కు అల్లిక దారం నేరుగా కడితే అది స్పూల్ మీద గుండ్రంగా జారుతుంది. చేప లాగుతున్నా రీల్ తిరుగుతూనే ఉంటుంది, దారం రాదు. అందుకని అడుగున పది మీటర్లు మామూలు తంగూసు చుట్టి, దాని మీద అల్లిక దారం కట్టండి.

చుట్టేటప్పుడు బిగువు మూడు నాలుగు కిలోలు ఉండాలి. దారం ఉండను నీళ్ల బకెట్లో వేసి, ఇంకొకరిని తడి బట్టతో గట్టిగా పట్టుకోమనండి. వదులుగా చుట్టిన దారంలోకి పై పొర పది కిలోల బరువుకు కోసుకుపోయి ఇరుక్కుంటుంది. తెగేది అక్కడే. స్పూల్ అంచుకు రెండు మిల్లీమీటర్ల కింద ఆపండి. అంచుదాకా నింపితే విసిరినప్పుడు చుట్టలు చుట్టలుగా ఊడిపడుతుంది.

దారానికి, లీడర్‌కు మధ్య ఎఫ్‌జీ ముడి వేయండి. సన్నగా ఉండి రాడ్ రింగుల గుండా తగలకుండా పోతుంది.

క) అల్లిక దారాన్ని రాడ్‌కు, నడుముకు మధ్య బిగువుగా నిలపండి.
ఖ) లీడర్‌ను దాని మీద ఒకసారి పైనుంచి, ఒకసారి కిందనుంచి మారుస్తూ 20 చుట్లు వేయండి. చుట్టు పక్కన చుట్టు పడాలి, ఒకదానిమీదొకటి ఎక్కకూడదు.
గ) రెండు దారాలనూ కలిపి రెండు సగం ముడులు (హాఫ్ హిచ్, ఒక్క మెలిక తిప్పి బిగించే ముడి) వేసి, తడిచేసి, చేతి తొడుగులు వేసుకుని శక్తికొద్దీ లాగండి. చుట్లు లీడర్‌లోకి దిగి రంగు ముదురుతుంది. ముదరకపోతే అది ముడి కాదు, విప్పి మళ్లీ వేయండి.
ఘ) ఇంకో ఆరు సగం ముడులు. లీడర్ చివరను ఒక మిల్లీమీటరు ఉంచి కోయండి, లైటర్‌తో అంచును కొద్దిగా ముద్దచేయండి. మంట అల్లిక దారానికి తగిలితే పని మొదటికొస్తుంది.
ఙ) తర్వాత అల్లిక దారం మీద మాత్రమే నాలుగైదు సగం ముడులు వేసి ముగించండి.

రోజుకు రెండు చొప్పున రెండు వారాలు వేస్తే చేతికి వస్తుంది. వేసిన ప్రతి ముడినీ లగేజీ తూచే డిజిటల్ కాటాకు తగిలించి 15 కిలోల దాకా లాగి చూడండి. జారిన ముడిని దాచి పెట్టుకుని చూస్తే ఎక్కడ చుట్టు ఎక్కిందో తెలుస్తుంది. తర్వాత అదే పని కుర్చీలో కాకుండా నిలబడి, ఫ్యాను గాలికి ఎదురుగా చేయండి. పడవ మీద కూర్చునే తీరిక ఉండదు.

5. డ్రాగ్: చేతి అంచనా వద్దు, కాటా పెట్టండి

ఎక్కువ చేపలు పోయేది ఇక్కడే. బొచ్చెకు రెండు కిలోల డ్రాగ్ అలవాటైన చెయ్యి ఐదు కిలోలకే "చాలా బిగుసుకుంది" అనుకుంటుంది. అంత తక్కువతో యాభై కిలోల చేపను లాగితే అది గంటన్నర తిరుగుతుంది. ఈలోగా సొరచేప వస్తుంది, లేదంటే గాలం రంధ్రం పెద్దదై జారుతుంది.

లెక్క ఇది: దారం తెగే బరువులో నాలుగో వంతు నుంచి మూడో వంతు. 80 పౌండ్లంటే 36 కిలోలు, అంటే 9 నుంచి 12 కిలోలు. మొదటిసారి వెళ్లేవాళ్లు 8 కిలోలతో మొదలుపెట్టండి.

కొలిచే తీరు: కాటాను చింతచెట్టు మొదలుకో, కట్ట మీది గట్టి గుంజకో తాడుతో కట్టండి. దారం చివర కాటాకు తగిలించండి. రాడ్‌ను 45 డిగ్రీలకు వంచి వెనక్కి అడుగులేయండి. దారం జారడం మొదలైన క్షణంలో కాటా చూపిన అంకెనే తీసుకోండి. రాడ్‌ను వంచకుండా కాటా వైపు నేరుగా పెట్టి కొలిస్తే తక్కువ చూపిస్తుంది, ఎందుకంటే రింగుల ఒరిపిడి లెక్కలోకి రాదు.

8 కిలోల దగ్గర డ్రాగ్ నాబ్ మీద నెయిల్ పాలిష్ చుక్క పెట్టండి. 11 దగ్గర ఇంకో రంగు చుక్క. చేప పడ్డాక ఆ రెండు చుక్కల మధ్యలోనే ఉండాలి.

ఇంకొక మాట, దీన్ని బాగా గుర్తుంచుకోవాలి. దారం బయటికి పోతున్నకొద్దీ స్పూల్ వ్యాసం తగ్గుతుంది, డ్రాగ్ తనంతట తానే పెరుగుతుంది. వ్యాసం ముప్పావుకు తగ్గితే 10 కిలోలు 13 దాటుతుంది. నీటిలో ఉన్న 200 మీటర్ల దారాన్ని ఈడ్చే బరువు దీనికి అదనం. అందుకే చేప దూరంగా పరుగెత్తుతున్నప్పుడు నాబ్ బిగించడం అంటే తెంపుకోవడమే. దూరం పోయినప్పుడు వదిలేయాలి, దగ్గరికొచ్చాక బిగించాలి. చాలామంది కంగారులో ఉల్టా చేస్తారు.

6. ఒంటికి, చేతికి సాధన

పది లీటర్ల బకెట్ నిండా నీళ్లు పోసి దారానికి కట్టండి. రాడ్ బట్‌ను (అడుగు కొనను) నడుము పట్టీలో పెట్టి, మోకాళ్లు కొద్దిగా వంచి, నేల మీది నుంచి ఒక అడుగు ఎత్తి దించండి. పదిసార్లు, కాసేపు ఆగి మళ్లీ పది, అట్లా నాలుగు విడతలు. బరువు తొడల మీద పడాలి. నడుము నొప్పి పుడితే చేతులతో లాగుతున్నారని అర్థం.

విసరడం నేర్చుకోవడానికి గాలాలు తీసేసిన లూరుతో వరి కోసిన పొలం చాలు. విసిరిన లూరు నలభై మీటర్ల దూరంలో పరిచిన తువ్వాల దగ్గర పడాలి. ఎంత దూరం పోయిందన్నది తర్వాతి మాట. తలపైన కరెంటు తీగలు లేవని ముందు చూసుకోండి, పైలం. కార్బన్ రాడ్‌లో కరెంటు పారుతుంది, ఎనిమిదడుగుల రాడ్ ఎత్తితే పొలాల మీది తీగ దగ్గరే. చెరువులో సాధన చేయాలంటే అక్కడి మత్స్య సహకార సంఘాన్ని అడిగి చేయండి. వాళ్లు పోసుకున్న చేపపిల్లలవి. పాఖాల అభయారణ్యం, అక్కడ రాడ్ విప్పకండి.

7. సర్దుకోవడం

రాడ్‌కు పైపుల దుకాణంలో నాలుగంగుళాల పీవీసీ గొట్టం కోయించి, రెండు వైపులా మూతలు పెట్టించండి. కొన్న రాడ్ సంచికన్నా గట్టిది. టికెట్ కొనకముందే గొట్టం పొడవు విమాన సంస్థకు చెప్పి అనుమతి తీసుకోండి.

☐ గాలాలు, లూర్లు, కత్తి, ప్లయర్లు, కత్తెర: అన్నీ చెక్‌ఇన్ సామానులో
☐ పవర్ బ్యాంకు: చేతి సంచిలో మాత్రమే
☐ నడుము పట్టీ, చేతి తొడుగులు రెండు జతలు
☐ పోలరైజ్డ్ కళ్లద్దాలు (ఎండకే కాదు, ఎగిరొచ్చే గాలం నుంచి కంటికి రక్షణ)
☐ జారని అడుగున్న బూట్లు, పొడుగు చేతుల చొక్కా
☐ ముందే కట్టి చుట్టిపెట్టిన లీడర్లు ఆరు
☐ ఓఆర్‌ఎస్ పాకెట్లు రోజుకు నాలుగు
☐ కాటా

దేశీయ విమానాల్లో చెక్‌ఇన్ పరిమితి సాధారణంగా 15 కిలోలు. జిగ్గులు, లూర్లు, రీళ్లు కలిసి ఐదు కిలోలు ఇట్టే దాటుతాయి, బట్టలు తగ్గించండి. హనుమకొండ నుంచి శంషాబాద్‌కు రోడ్డు మీద నాలుగు గంటలు పెట్టుకోండి.

కడుపులో తిప్పుడు మందు గురించి ముందే డాక్టరును అడగండి. వాంతి మొదలయ్యాక వేసుకుంటే నిలవదు, ముందు రాత్రి ఒకటి, బయల్దేరే గంట ముందు ఒకటి వేసుకోమని సాధారణంగా చెబుతారు. కొన్ని మాత్రలకు మత్తు వస్తుంది కాబట్టి ఇంట్లో ఒకరోజు వేసుకుని చూడండి. ముందు రాత్రి మందు పార్టీ వద్దు. పొద్దున పూరీ, బజ్జీలు కాకుండా ఇడ్లీ, అరటిపండు తినండి.

8. చేప కనబడ్డాక

పక్షులను చూడండి. ఎత్తులో తిరుగుతుంటే చేప లోతులో ఉన్నట్టు. నీళ్ల మీదికి దూకుతుంటే పైకొచ్చినట్టు. పడవను గుంపులోకి నడిపితే మొత్తం మునిగిపోతుంది. గుంపు పోయే దారికి ముందు, గాలి వచ్చే వైపు నుంచి చేరి, యాభై అరవై మీటర్ల దూరంలో ఇంజన్‌ను న్యూట్రల్‌లో పెట్టాలి. డ్రైవరన్న తొందరపడితే మర్యాదగా చెప్పండి, ఒక్క తప్పుతో ఆ గుంపు ఇక లేవదు.

లూరు గుంపు మధ్యలో కాకుండా ముందు అంచులో పడాలి. స్టిక్‌బెయిట్‌ను రాడ్‌తో పక్కకు పొడవుగా లాగి, వదులైన దారాన్ని చుట్టి, మళ్లీ లాగండి. వేటలో పడ్డ చిన్న చేప ఎట్లా తడబడుతుందో అట్లా.

చేప కొట్టగానే చెయ్యి విదిలించకండి. చెరువులో బెండు మునగగానే లేపే అలవాటు ఇక్కడ లూరును నోట్లోంచి గుంజేస్తుంది. బరువు చేతికి తెలిసేదాకా చుట్టుతూనే ఉండి, అప్పుడు పక్కకు రెండుసార్లు గట్టిగా లాగండి.

9. మొదటి నిమిషం, ఆ తర్వాత

మొదటి పరుగులో చేసేదేమీ లేదు. రాడ్‌ను నడుము పట్టీలో కుదుర్చుకోండి, కాళ్లు సర్దుకోండి, పక్కవాళ్లను దారాలు తీయమనండి. పరుగెత్తుతున్నప్పుడు హ్యాండిల్ తిప్పకండి. స్పిన్నింగ్ రీల్‌లో డ్రాగ్ జారుతుండగా ఒక్కసారి తిప్పితే దారంలో నాలుగైదు మెలికలు పడతాయి. పది నిమిషాలు అట్లా తిప్పితే దారం తాడులా ముడుచుకుంటుంది.

పరుగు ఆగిన క్షణం నుంచి విశ్రాంతి ఇవ్వొద్దు. మీరు ఊపిరి పీల్చుకుంటే అదీ పీల్చుకుంటుంది. రాడ్‌ను తల మీదికి ఎత్తే పొడవు లాగుళ్లు కాకుండా, చిన్నచిన్న ఎత్తులు: అరడుగు లేపండి, సగం చుట్టు తిప్పండి. రాడ్ అరవై డిగ్రీలు దాటి నిలబెడితే బరువంతా సన్నటి కొనమీద పడి విరుగుతుంది. ఫోర్‌గ్రిప్‌కు (రీల్‌కు ముందున్న పిడికి) పైన చేయి వేసి లేపినా అంతే.

చివరికి చేప పడవ కింద గుండ్రంగా తిరగడం మొదలుపెడుతుంది. ఓపిక అంతా ఇక్కడే కావాలి. సగం వృత్తం దూరంగా పోతుంది, సగం మీ వైపు వస్తుంది. దూరంగా పోయేటప్పుడు పట్టుకుని ఉండండి, వచ్చేటప్పుడు వేగంగా చుట్టండి. ఐదారు వృత్తాలైనా ఒక్క మీటరు కూడా రాలేదంటే పడవను నెమ్మదిగా ముందుకు నడిపించండి. దారం కోణం మారగానే చేప తల తిరుగుతుంది. దారం పడవ అడుగుకు, ప్రొపెల్లర్‌కు తగలకుండా రాడ్ కొనను నీళ్లలోకి ముంచడానికి వెనకాడకండి.

అడుగున రాళ్లున్న చోట జిగ్‌కు డాగ్‌టూత్ టూనా పడితే మాత్రం ఇవేవీ వర్తించవు. అది నేరుగా రాళ్లలోకి పోతుంది. మొదటి ఇరవై మీటర్లు 12 కిలోల మీద ఆపితేనే ఆగుతుంది.

10. కొక్కెం, నెత్తురు, ఐసు

లీడర్ పట్టుకునేవాడు చేతి తొడుగు మీద కూడా దారం చుట్టుకోకూడదు. చేప ఇంకోసారి దూకితే మనిషి నీళ్లలోకి పోతాడు. కొక్కెం తలకే వేయండి. కండకు వేస్తే ఆ చోటు మాంసం పాడు.

వదిలేయాలనుకుంటే త్వరగా పట్టి, నీళ్లలోనే గాలం తీసి, తల కిందికి ఉండేట్టు లోతులోకి జారవిడవండి. ఉంచుకునేట్టయితే ఆలస్యం చేయకండి. టూనా ఒంటి వేడి చుట్టూ ఉన్న నీటికన్నా ఎక్కువ, పోరాటంలో ఇంకా పెరుగుతుంది. ఆ వేడిలో హిస్టమిన్ అనే పదార్థం పుడుతుంది. వండినా అది పోదు. తిన్నవాళ్లకు ముఖం ఎర్రబడి, తలనొప్పి, దద్దుర్లు వస్తాయి.

క) కళ్ల మధ్య కొంచెం వెనకనున్న మెత్తటి చోట మొనతో పొడిచి వెంటనే చంపండి.
ఖ) పక్క రెక్కను ఒంటికి ఆనించి, దాని మొదలుకు మూడు నాలుగు వేళ్లు వెనక, రెండు వైపులా నిలువుగా ఒక అంగుళం లోతు కోయండి. మొప్పల లోపలి పొరనూ కోయండి.
గ) తోకకు తాడేసి, నెత్తురు ఆగేదాకా నీళ్లు పోయండి.
ఘ) మొప్పలు, పేగులు తీసి, రెండు వంతుల ఐసు, ఒక వంతు ఉప్పునీళ్లు కలిపిన పెట్టెలో ముంచండి. పొడి ఐసుగడ్డల మీద పెడితే తగిలినచోటే చల్లబడుతుంది.

యాభై కిలోల చేపకు కనీసం డెబ్బై ఐదు కిలోల ఐసు కావాలి. రెండో విభాగంలో పెట్టె పొడవు అడగమన్నది ఇందుకే.

11. ఏం జరిగితే ఏది కారణం

దారం చివర పంది తోక వంకరలా చుట్టలు తిరిగి వచ్చిందా? ముడి జారింది, చుట్లు బిగించలేదు. నున్నగా కోసినట్టు తెగితే రాయో, పడవ అడుగో తగిలింది. దూది పింజలా పోగులు లేచి తెగితే రాడ్ రింగులో పగులుంది, ఇయర్ బడ్‌ను ప్రతి రింగులో తిప్పి చూడండి, దూది చిక్కుకున్న చోటే పగులు. గాలం తిన్నగా సాగి వచ్చిందంటే డ్రాగ్ ఎక్కువైంది, లేదా గాలం సన్నదైంది. చేప లూరును రెండుసార్లు కొట్టి వదిలేస్తుంటే లూరు చిన్నది చేసి, వేగం పెంచండి.

ఇంటికొచ్చాక రీల్ డ్రాగ్ బిగించి మంచినీళ్లు సన్నగా పోసి కడగండి. బిగించకుంటే ఉప్పునీరు వాషర్లలోకి దిగుతుంది. నీడన ఆరబెట్టి, ఆరాక డ్రాగ్ పూర్తిగా వదులు చేయండి. లూర్ల గాలాలన్నీ తీసేయండి, ఒక్క తుప్పు గాలం డబ్బాలోని మిగతావాటిని తినేస్తుంది. దారంలో మొదటి ఇరవై మీటర్లు కోసేసి, కాటా తీసి మళ్లీ ఎనిమిది కిలోల చుక్క సరిగ్గా ఉందో లేదో చూడండి.